రచన నేర్పడమంటే

రచన నేర్పవచ్చునా అన్న ప్రశ్న చాలా పాతది. నేర్పలేమనే వాళ్ళు కవిత్వాన్ని మనసులో పెట్టుకొని మాట్లాడతారు. ప్రతిభ పుట్టుకతో రావలసిందే తప్ప గురువు చేయగలిగింది లేదంటారు. నేర్పగలమనే వాళ్ళు పరీక్షను మనసులో పెట్టుకొని మాట్లాడతారు. ఉపోద్ఘాతం, విషయవివరణ, ముగింపు అని మూడు అరలు చూపిస్తే చాలు, విద్యార్థి వాటిని యేదో ఒకదానితో నింపుకుంటాడంటారు. విద్యార్థి దగ్గర రాయదగిన విషయం యేమన్నా వున్నదా, వుంటే దాన్ని తెలుసుకోవలసిన అవసరం యెవరికైనా వున్నదా అని మాత్రం ఇరుపక్షాల వారూ అడగరు. ఈ ప్రశ్న నాకూ చాలాకాలం తట్టలేదు. కదిరి ప్రాంతంలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతూ, రెండో పక్షంలో చేరి, మూడు అరలు చూపిస్తూ కాలం గడిపాను. నా పొరపాటు నాకు తెలియజేసింది యే విద్యావేత్తా కాదు, రెండో సంవత్సరం చదివే ఒక విద్యార్థిని.

'మా వూరి పంట' అని వ్యాసం రాయమన్నాను. మా వైపు వూళ్ళలో పంట అంటే శెనక్కాయే. తరగతిలో చాలామంది పదో తరగతి నాటి వ్యాసాన్నే కొద్దిగా మార్చి యిచ్చారు. ఈ అమ్మాయి మాత్రం ఒకటిన్నర పేజీ తన మాటల్లో రాసింది. మొదటి వానకే యెవరూ తొందరపడి ఇత్తరని, పదును చూసి ఇత్తుతారని, వూడలు దిగేటప్పుడు బెట్ట వస్తే కాయ వూరదని, కాయ లేకపోయినా కట్టెకోసం పెరకవలసిందేనని రాసింది. నేను ఎర్రసిరా తీసుకొని నా ధర్మం నెరవేర్చాను. 'ఇత్తుతారు' కొట్టేసి 'విత్తుతారు' అన్నాను. 'పదును' కొట్టేసి 'తేమ' అని వేశాను. 'బెట్ట'ను 'వర్షాభావం' చేశాను. 'కట్టె'ను 'ఎండుగడ్డి' చేశాను. పదికి ఆరు మార్కులు వేశాను.

మరునాడు ఆ అమ్మాయి కాగితం పట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చింది. మార్కులు పెంచమని అడగడానికి వచ్చిందనుకున్నాను.

"సార్, తేమ అంటే బాయి గోడకు గూడా వుంటాది. పదును అంటే అది కాదు" అన్నది.

మరి యేమిటని అడిగాను. చెప్పింది. వాన పడిన దినమే మడికట్లోకి దిగితే మన్ను గొర్రుకు అంటుకుంటుంది. ఆలస్యం చేస్తే పైమన్ను ఆరిపోయి గింజ మొలవదు. ఈ రెంటికీ నడుమ రెండు మూడు దినాలు మన్ను ఒక స్థితిలో వుంటుంది. వాళ్ళ నాయన పిడికిట్లో మన్ను పట్టి, వొత్తి, విడిచి చూసి, ఇత్తవచ్చునో లేదో చెబుతాడు. ఆ స్థితి పేరు పదును.

నేను వేసిన మాట నిఘంటువులో వున్నది. కాని అందులో ఆ పిడికిలి లేదు, ఆ రెండు దినాల గడువు లేదు, ఇత్తాలా వద్దా అన్న నిర్ణయం లేదు. మిగిలిన దిద్దుబాట్లు గూడా అంతే. వర్షాభావం అంటే ఆ యేడు వాన లేకపోవడం. బెట్ట అంటే పడిన వాన మధ్యలో మొహం చాటెయ్యడం. అప్పటికే పెట్టుబడి అంతా భూమిలో వుంటుంది. రైతు మునిగేది యెక్కువగా రెండోదానిలోనే. శెనక్కట్టె ఎండుగడ్డి కాదు. కాయ పోయిన యేడు పశువుల్ని నిలబెట్టేది అదే. నేను దిద్దింది భాష అనుకున్నాను. నిజానికి ఒక మనిషికి తెలిసిన విషయాన్ని తీసేసి, యేమీ తెలియని మాటను దాని స్థానంలో పెట్టాను.

ఇందులో నన్ను యెక్కువగా సిగ్గుపరచిన సంగతి మరొకటి వున్నది. ఆ వారం నేను తరగతిలో చెబుతున్న పాఠం వ్యావహారిక భాషోద్యమం.

గిడుగు రామమూర్తి కృషిని వివరించండి అనే ప్రశ్న యేటా పరీక్షలో వస్తుంది. దానికి గైడులో జవాబు వుంటుంది. విద్యార్థులు కంఠస్థం చేసి రాస్తారు, మేము మార్కులు వేస్తాము. ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషాదినోత్సవంగా జరిపి, పటానికి దండ వేసి, సగం గ్రాంథికంలో ఉపన్యాసాలు చేస్తాము. ఆ పోరాటం అసలు దేనిమీద జరిగిందో గుర్తుకు తెచ్చుకోము. అది మొదట మా బోటి వాళ్ళ గంట మీద, అంటే కాంపోజిషన్ గంట మీద జరిగిన పోరాటం.

1910 దశకం ఆరంభంలో మద్రాసు రాజధానిలో దేశభాషల్లో సొంత రచన చేయడం పరీక్షల్లో ముఖ్యమైన అంశమయింది. కావ్యం చదివి ప్రతిపదార్థం చెబితే సరిపోయే రోజులు పోయినవి. విద్యార్థి సొంతంగా నాలుగు వాక్యాలు రాయాలి. ఏ తెలుగులో రాయాలి? తగాదా అక్కడ రగిలింది. ఆధునిక భాషలో గూడా రాయవచ్చునని స్కూలు ఫైనలులో కొంతకాలం వెసులుబాటు కలిగింది. 1911లో యేర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షాన జయంతి రామయ్య పంతులు ప్రభృతులు దాన్ని గట్టిగా యెదిరించారు. గిడుగు 1913లో ఆధునిక భాషను సమర్థిస్తూ ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన ప్రకటించారు. గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయపు రచనా ఉపసంఘంతో విభేదించి తన అసమ్మతి పత్రం సమర్పించారు. ఆ విడత గెలిచింది పండితులే. వెసులుబాటు రద్దయింది. గురజాడ 1915లో పోయారు. గిడుగు 1919లో 'తెలుగు' పత్రిక పెట్టి, 1940లో కన్నుమూసే దాకా వాదం విడవలేదు.

ఆయన వాదంలో ఒక భాగం గ్రాంథికం నేర్పే పండితులకే గ్రాంథికం రాదని చూపించడం. పండితుల రచనల్లోని తప్పుల్ని పట్టికలు పట్టికలుగా చూపారు. ఈ భాగాన్ని మేము ఉత్సాహంగా చెబుతాము. అంతకంటె ముఖ్యమైన భాగాన్ని ఒక వాక్యంతో దాటవేస్తాము. గిడుగు పర్లాకిమిడిలో వుపాధ్యాయుడుగా వుండగా సవరల దగ్గర కూర్చొని వారి భాష నేర్చుకున్నారు. వారికోసం సవర భాషలో పుస్తకాలు తయారుచేశారు, బడులు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. అంటే, నేర్పవలసినవాడు ముందు నేర్చుకోవాలన్నది ఆయనకు వాదం కాదు, వృత్తి. ఈ పాఠం చెప్పిన నోటితోనే నేను 'పదును' కొట్టేశాను.

పండితులు ఓడిపోయారని మనం అనుకుంటాము. పత్రికల్లో, కథల్లో, నవలల్లో వ్యావహారికం గెలిచిన మాట నిజమే. అయితే గెలిచిన వ్యావహారికం చాలావరకు కోస్తా జిల్లాల చదువుకున్న కుటుంబాల మాట. కదిరి, ధర్మవరం, హిందూపురం పల్లెల నుంచి వచ్చే పిల్లలకు అది గూడా సగం పరాయిదే. 'చేస్తాండారు', 'వస్తాది' అని నోట్లో వున్నదాన్ని 'చేస్తున్నారు', 'వస్తుంది' అని మార్చుకోవడం వాళ్ళకు కష్టం కాదు. అది నాలుగు వారాల పని. ఆ మార్పుతో పాటు తమకు తెలిసిన వస్తువుల పేర్లు, పనుల పేర్లు, తగువుల పేర్లు గూడా వదులుకోవాలేమోనని అనుమానం కలగడమే అసలు నష్టం. ఆ అనుమానం కలిగిన విద్యార్థి రాయడం మానడు. తనకు తెలియని విషయాల మీద ధారాళంగా రాస్తాడు.

నా తప్పు తెలిసిన తర్వాత నేను రెండో చివరకు పరుగెత్తాను. "పాఠ్యపుస్తకం పక్కన పెట్టండి, మీ జీవితం రాయండి" అన్నాను. కాగితాలు కుప్పలుగా వచ్చినవి. వాటినిండా రైతు కన్నీళ్ళు, చెమట చుక్కలు, కరువు రక్కసి, దేశానికి వెన్నెముక. మన సంఘం సభల్లో, సంకలనాల్లో విని చదివిన మాటలే కనక నాకు సంతోషం కలిగింది. పిల్లల్లో చైతన్యం వచ్చిందనుకొని మార్కులు ధారాళంగా వేశాను.

ఒక కుర్రవాడు తన తండ్రి మట్టిని ముద్దాడే రైతు అని రాశాడు. ఆ తండ్రి ఆరేళ్ళ క్రితమే సేద్యం వదలి బెంగళూరులో ఒక అపార్టుమెంటు దగ్గర కాపలా కాస్తున్నాడని తర్వాత మాటల మధ్య తెలిసింది. ఆ సంగతి యెందుకు రాయలేదని అడిగాను.

"అట్ల రాస్తేనే మీరు మార్కులు వేస్తారని సీనియర్లు చెప్పినారు సార్" అన్నాడు.

వాడు అబద్ధం రాయలేదు. నేను యే భాషలో నిజం వినదలచుకున్నానో కనిపెట్టి ఆ భాషలో రాశాడు. పండితుడు వాడి మాటను కొట్టేస్తే నేను వాడి అనుభవాన్ని కొట్టేశాను. పండితుడికి ఎర్రసిరా కావలసివచ్చింది, నాకు అదీ అక్కరలేకపోయింది.

ఈ సంగతి మన పత్రికలో చెప్పకపోతే మరెక్కడ చెప్పాలి? 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ప్రథమ మహాసభ జరిగిన నాటినుంచి సాహిత్యాన్ని ప్రజల జీవితం వైపు తిప్పాలన్నది మన లక్ష్యం. ఆ లక్ష్యం సరైనదే. కాని యేళ్ళు గడిచేకొద్దీ మనకు గూడా ఒక గ్రాంథికం యేర్పడింది. దానికి గూడా కవిసమయాలున్నవి. పూర్వకవి చెరువు చూడకుండానే తామరలు వర్ణించినట్టు, మనవాడు మడి దున్నకుండానే చెమట వర్ణిస్తాడు. ఈ ప్రాంతంలో పుట్టిన మంచి రచన యెప్పుడూ ఇట్లా రాలేదు. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' కాని, తెలుగు వుపాధ్యాయుడుగా పనిచేసిన సింగమనేని నారాయణ కథలు కాని, 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానం పొందిన బండి నారాయణస్వామి 'శప్తభూమి' కాని అనంతపురం మట్టిని దగ్గరగా చూచి రాసినవి. మనం వాటిని మెచ్చుకుంటాము. తరగతి గదిలో మాత్రం వాటి ఫలితాన్నే తప్ప పద్ధతిని నేర్పము.

ఆ తర్వాత మూడు విద్యాసంవత్సరాలుగా ఒక పద్ధతి ప్రయత్నిస్తున్నాను. కొన్నేళ్ళ క్రితం మా డిగ్రీ పాఠ్యప్రణాళికలో 'సృజనాత్మక రచన' అన్న పేరు చేరింది. ఆ పేరు చాటున వారానికి ఒక గంట దొరికింది. తోటి అధ్యాపకులకు పనికివస్తుందేమోనని ఆ క్రమం చెబుతాను. ఇది పదిహేను వారాల పని.

మొదటి నాలుగు వారాలు పని గురించి రాయడం. ఇంట్లో యెవరో ఒకరు చేసే ఒక్క పనిని, ఆ పని యెన్నడూ చూడని వాడికి అర్థమయ్యేటట్టు రాయాలి. విశేషణాలు వద్దు, నీతి వద్దు. రాసిన కాగితం పక్కవాడికి వెళుతుంది. పక్కవాడు తప్పులు దిద్దకూడదు. అర్థంకాని చోట అంచులో ప్రశ్న రాయాలి. ధర్మవరం నుంచి వచ్చే ఒక నేతపని వారి కుర్రవాడు మగ్గం మీద అచ్చు అతకడం గురించి రాశాడు. పాత పోగులు అయిపోవచ్చినప్పుడు కొత్త పోగుల్ని ఒక్కొక్కదాన్నే పాతవాటికి మెలిపెట్టి అతకాలి. అవి వేలల్లో వుంటవి. పదును సంగతి చెప్పిన అమ్మాయి దాని అంచున ఒకే ప్రశ్న రాసింది: "నడుమ ఒక పోగు తప్పితే యేమవుతుంది? యెప్పుడు తెలుస్తుంది?" కుర్రవాడికి జవాబు తెలియలేదు. ఇంటికి పోయి తల్లిని అడిగి, మరుసటి వారం మరొక పేజీ తెచ్చాడు. అంతవరకూ మా తరగతిలో తిరగరాయడమంటే అక్షరదోషాలు లేకుండా మళ్ళీ కాపీ చేయడం. తిరగరాయడమంటే మళ్ళీ తెలుసుకోవడమని ఆనాడు అర్థమయింది. నేను చెప్పడం వల్ల కాదు, ఆ ప్రశ్న వల్ల.

తర్వాత మూడు వారాలు లెక్క రాయడం. ఒక ఎకరం శెనక్కాయకో, ఒక పట్టుచీరకో, టౌనులో గది తీసుకొని చదువుకునే నెలకో జమాఖర్చు రాసి, దాన్ని మాటల్లో వివరించాలి. విత్తనాలు, దుక్కి, కూలి, మందులు, బాడుగ అన్నీ గళ్ళలోకి వచ్చినవి. అప్పుడు ఒక విద్యార్థిని లేచి, "మా అమ్మ కలుపు తీసింది, కాయలు వొలిచింది. అది యే గడిలో రాయాల సార్?" అని అడిగింది. తరగతి నిశ్శబ్దమయింది. బయటి కూలీకి ఇచ్చేదయితే యెంతవుతుందో వాళ్ళే లెక్క వేశారు. వేసిన తర్వాత మిగులు అనుకున్నది చాలామంది లెక్కల్లో నష్టంగా మారింది. మగ్గం వాళ్ళ లెక్కల్లోనూ అంతే. ఇంటిల్లిపాదీ పనిచేస్తే ఒక్కరి కూలి వస్తున్నది.

శ్రమదోపిడి గురించి నేను గంటసేపు వుపన్యసించినా ఆ నిశ్శబ్దం వచ్చేది కాదు. ఇక్కడ ఒక సంగతి గమనించవలసి వున్నది. నినాదం అబద్ధమని నేననడం లేదు. నినాదం ఒక ముగింపు. ముగింపును మొదటి వాక్యంగా ఇచ్చేస్తే విద్యార్థికి రాయడానికి యేమీ మిగలదు. లెక్క తానే వేసుకొని అక్కడికి చేరినవాడు దాన్ని మరచిపోడు. ప్రశ్నిస్తే నిలబెట్టుకోగలడు గూడా.

తర్వాత రెండు వారాలు అర్జీ. మా విద్యార్థుల్లో చాలామంది పల్లెల నుంచి బస్సుల్లో వచ్చిపోయేవారే. సాయంత్రం బస్సు చివరి గంటకు ముందే వెళ్ళిపోవడం వారికి నిత్యసమస్య. మొదట రాసిన అర్జీల్లో సగం కాగితం దండాలకే పోయింది. విషయం చివర యెక్కడో రెండు వాక్యాల్లో వున్నది. యేం జరుగుతున్నది, యెప్పటినుంచి, యెందరికి, యేం కావాలి, యెవరు చేయాలి అన్న ఐదు ప్రశ్నలకు జవాబులు తప్ప మరేమీ వుండకూడదని నిబంధన పెట్టాము. బస్సెక్కే విద్యార్థుల్ని వూరి వారీగా లెక్కపెట్టుకు వచ్చారు. అందరూ కలిసి ఒక్క పేజీ తయారుచేసి సంబంధితులకు ఇచ్చారు. రసీదు వచ్చింది. బస్సు సమయం మారలేదు. నా పాఠం విఫలమైందని నేననుకుంటుండగా, "జవాబు రాని అర్జీకి రెండో అర్జీ యెట్లా రాయాల?" అని వాళ్ళడిగారు. మరుసటి వారం పాఠం అదే అయింది.

తర్వాత నాలుగు వారాలు అందరూ కలిసి ఒకటే వ్యాసం రాయడం. ఈ పద్ధతి నా కల్పన కాదు. ఇటలీలో ఫ్లోరెన్సు నగరానికి దగ్గరి కొండల్లో బార్బియానా అనే చిన్న పల్లె వున్నది. లోరెంజో మిలానీ అనే మతాచార్యుడు 1950లలో అక్కడ పేద రైతుల పిల్లలకు బడి పెట్టాడు. వారిలో చాలామంది ప్రభుత్వ పాఠశాలలు తప్పించి పంపేసినవారు. ఆ బడి పిల్లలు ఎనిమిదిమంది కలిసి, తమను తప్పించిన టీచరుకు రాసిన లేఖ రూపంలో ఒక పుస్తకం రాశారు. అది 1967లో వెలువడింది. మిలానీ ఆ యేడే మరణించాడు. పేదల పిల్లలే యెందుకు తప్పుతున్నారో ఆ పిల్లలు అంకెలతో నిరూపించారు. వారి రచనా పద్ధతి చాలా సాదా. ఒక్కో ఆలోచన ఒక్కో చీటీ మీద రాస్తారు. చీటీలన్నీ బల్లమీద పరచి, ఒకే విషయం చెప్పేవాటిని ఒకచోట చేరుస్తారు. వున్నదే మళ్ళీ చెప్పేదాన్ని తీసేస్తారు. కుప్పలకు పేర్లు పెడతారు, వరుస కుదురుస్తారు. అప్పుడు ఒక్కొక్క వాక్యాన్ని అందరూ కలిసి చెక్కుతారు. దీనికి ప్రతిభ అక్కరలేదు. ఓపిక కావాలి, పక్కవాడి మాట వినాలి.

మా తరగతి యెన్నుకున్న విషయం 'మా వూళ్ళ నుంచి యెవరు యెక్కడికి పోయినారు' అన్నది. నూటికి పైగా చీటీలు గచ్చుమీద పరచారు. బెంగళూరు భవనాల పనికి పోయినవారు, కువైట్ పోయినవారు, పెనుకొండ దగ్గర యెర్రమంచిలో 2019లో వుత్పత్తి మొదలుపెట్టిన కార్ల ఫ్యాక్టరీకీ దాని చుట్టుపక్కల పనులకూ పోయినవారు. చీటీలు సర్దుతూ ఒక అమ్మాయి ఒక తేడా పట్టుకున్నది. మగవాళ్ళ చీటీల మీద యే పనికి పోయినారో వున్నది. ఆడవాళ్ళ చీటీల మీద 'కువైట్ పోయింది' అని మాత్రమే వున్నది. పని పేరు లేదు. ఎందుకు లేదన్న చర్చ ఆ వ్యాసంలో అన్నిటికంటె మంచి భాగమయింది.

అక్కడే నేను పెద్ద తప్పు చేశాను. ఒక చీటీ చాలా బాగున్నదని, పేరు చెప్పకుండా, గట్టిగా చదివాను. పేరు లేకపోయినా అది యెవరి తల్లి గురించో పదిమందికీ తెలిసిపోయింది. రాసిన అమ్మాయి పుస్తకాలు తీసుకొని బయటికి వెళ్ళిపోయింది. పది రోజులు కాలేజీకి రాలేదు. నేను చేసిన పనికి క్షమాపణ చెప్పుకున్నాను. అంతటితో అది చెరిగిపోయిందని అనుకోవడం లేదు. జీవితం రాయమని పిల్లల్ని అడిగే అధ్యాపకుడికి ఆ జీవితం మీద హక్కు రాదు. పేదల బాధ మన పత్రికలకు ముడిసరుకు కాదు. అప్పటినుంచి మూడు నియమాలు పెట్టుకున్నాను. రాసినవారి అనుమతి లేనిదే వారి రచనను యెవరూ చదవకూడదు. ఇంటి సంగతి రాయనివారికి మరొక విషయం తప్పకుండా వుండాలి. బాధకు మార్కులు వుండవు.

చివరి రెండు వారాలు వినిపించడం. ఏ పని గురించి రాశారో, ఆ పని చేసే మనిషికి చదివి వినిపించి రావాలి. ఆ మనిషి 'ఇట్ల కాదు' అన్నచోటల్లా గుర్తు పెట్టుకొని దిద్దాలి. నాకంటె వీళ్ళు గట్టి పరీక్షకులు. నాకు వాక్యం బాగుంటే చాలు, వాళ్ళకు విషయం సరిగా వుండాలి. చదవడం రాని తల్లి తన పనిమీద కూతురు రాసిన రెండు పేజీలు విని నాలుగు తప్పులు పట్టిందంటే, ఆ యింట్లో చదువుకు ఒక కొత్త అర్థం వచ్చిందన్న మాట.

ఇందులో ఆచరణకు సంబంధించిన చిక్కులున్నవి. తరగతిలో అరవైమంది వుంటారు. అందరి కాగితాలు వారంవారం చదవడం నా వల్ల కాదు. మూడోవంతు నేను చదువుతాను, తక్కినవి వాళ్ళలో వాళ్ళు చదువుకుంటారు. వంతులవారీగా అందరివీ నా దగ్గరికి వస్తవి. మార్కులు మొదటి రచనకు వేయను. మొదటిదానికీ రెండోదానికీ మధ్య వచ్చిన ప్రశ్నల్లో యెన్నింటికి జవాబు తెచ్చారో చూసి వేస్తాను.

ఆక్షేపణలు గూడా వున్నవి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లీషు మాధ్యమానికి మారింది. వుద్యోగానికి పనికిరాని తెలుగు రచన యెందుకని తల్లిదండ్రులే అడుగుతున్నారు. వారి ప్రశ్న న్యాయమైనది. ఇంగ్లీషు వద్దని నేననను. పేదవాడి బిడ్డకు వద్దనే అధికారం నాకు లేదు. అయితే బస్సు సంగతిని ఐదు ప్రశ్నల వరుసలో చెప్పగలగడం యే భాషకైనా పనికివచ్చే శక్తి. అది ముందుగా యింటి భాషలో రావడం సులువు. తెలుగు గంట ఒక్కటే మిగిలిన చోట ఆ గంటను ప్రతిపదార్థాలకు ఖర్చుపెట్టడం దుబారా.

ఇప్పుడు ఫోనును అడిగితే యే విషయం మీదనైనా వ్యాసం రాసి యిస్తున్నది కదా, యింకా నేర్పడం దేనికని మరికొందరంటారు. మూడు అరల వ్యాసం గురించి అయితే వారు చెప్పింది నిజం. అది మనిషి రాసినా ఫోను రాసినా ఒకటే, అందులో రాసేవాడు మొదటినుంచీ లేడు. కాని ఫలానా వూళ్ళో పోయిన జూలైలో రైతు వాన తర్వాత రెండు దినాలు యెందుకు ఆగాడో ఆ యింటి అమ్మాయిని అడగవలసిందే.

ఇదంతా పనుల వివరణ, సాహిత్యం కాదు గదా అన్నది పండితుల ఆక్షేపణ. కదిరికి దగ్గరలో కటారుపల్లెలో వేమన సమాధి వున్నది. మా విద్యార్థులు విహారయాత్రకు పోయి దండం పెట్టుకొని వస్తారు. ఆ వేమన పద్యాల్ని బ్రౌన్ సేకరించి 1829లో అచ్చువేసిన తర్వాత గూడా చాలాకాలం పండితులు ఆయన్ను కవిగా లెక్కపెట్టలేదు. జనం నోట మాత్రం ఆయన బతికే వున్నాడు. ఏది సాహిత్యమో తేల్చడానికి తొందరేమీ లేదు. ముందు నిజం చెప్పడం అలవాటు కావాలి.

ఈ పద్ధతి వల్ల మా కళాశాలలో రచయితలు పుట్టలేదు. ఉత్తీర్ణత శాతం పెరిగిందని గూడా చెప్పలేను. జరిగింది ఇంతే. కొందరు విద్యార్థులు తమకు తెలిసిన సంగతి ఇతరులకు తెలియదని గ్రహించారు. ఒక అధ్యాపకుడు తనకు తెలియని సంగతులు తన విద్యార్థులకు తెలుసునని గ్రహించాడు. చిన్న సంగతిలాగే కనపడుతుంది గాని, ఎర్రసిరా యెవరి చేతిలో వుండాలన్న ప్రశ్న ఇక్కడినుంచే మారుతుంది.

ప్రశ్నపత్రాలు తయారుచేసే మిత్రులకు ఒక మనవి చేసి ముగిస్తాను. గిడుగు రామమూర్తి కృషిని వివరించండి అన్న ప్రశ్నను ఒక్క యేడాది పక్కన పెట్టండి. దాని బదులు ఇట్లా అడిగి చూడండి: పాఠ్యపుస్తకంలో లేని మూడు మాటలు మీ యింటి నుంచి తెచ్చి రాయండి, వాటి స్థానంలో మరొక మాట యెందుకు వేయకూడదో వివరించండి. పది మార్కులు. ఈ ప్రశ్నకు జవాబు యే గైడులోనూ దొరకదు. దిద్దేవాడికి గూడా ముందుగా తెలిసి వుండదు.